చివర తాకినవాడు

ఆదివారం

వదిన భోజనానికి వచ్చింది. మా ఆవిడకి అక్క, నాకు వదిన, ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన గురువు. లోపలికి రాకముందే నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ గీత కొత్తదేనా మరిదీ? గేటు కదలదయ్యా, కదలాల్సింది నువ్వే" అంది. పోయిన వారం ఒంట్లోని గడ్డలోంచి ముక్క తీయించుకుని పరీక్షకు ఇచ్చిన మనిషిలా లేదు. కబుర్లు చెబుతూ తింది, రెండోసారి కూర వేసుకుంది. చేతులు కడుక్కునేటప్పుడు మాత్రం కుళాయి కట్టేయడం మరిచిపోయి కాసేపు అలాగే నిలబడింది.

శుక్రవారం ఉదయం ఆపరేషన్ అన్నారు సర్జన్. ల్యాబు రిపోర్టు గురువారం సాయంత్రానికల్లా ఆపరేషన్ విభాగానికి చేరాలి. చేరకపోతే ఆ సమయం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆయనేమో సెలవు మీద వెళ్ళిపోతారు, మళ్ళీ నెల దాటితే గానీ రారు. "నువ్వు పనిచేసే ఆసుపత్రేగా, నా రిపోర్టు మధ్యలో ఆగకుండా చూడు" అంది వదిన.

"పూచీ నాది" అన్నాను. మా ఆవిడ నన్ను పెళ్ళయిన కొత్తలో చూసినట్టు చూసింది. నెట్‌వర్కు నా చేతిలో ఉండగా నేను కాక ఇంకెవరు పూచీ పడతారు?

సోమవారం

ల్యాబు రౌటర్ పోయింది.

సోమవారం, మళ్ళీ

ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. తీరిక అంటే మీటింగు.

నిన్న మా క్లౌడ్‌లో ఒక పెద్ద సర్వరు ఆగిపోయి మళ్ళీ లేచింది. దాని మీద బతికే సాఫ్ట్‌వేర్ యంత్రాలన్నీ వాటంతట అవే లేచి పనిలో పడ్డాయి, ల్యాబు నెట్‌వర్కుకి దారి చూపించే వర్చువల్ రౌటర్ ఒక్కటి తప్ప. అది చావలేదు, బతకనూ లేదు. తెర మీద "మొదలవుతోంది" అని పొద్దుటి నుంచీ చూపిస్తూనే ఉంది. అది లేవకపోతే ల్యాబులోంచి ఒక్క రిపోర్టు కూడా బయటికి రాదు.

మందేమిటో నాకు తెలుసు. ఆ సగం ప్రాణంతో ఉన్నదాన్ని తీసేసి కొత్తదాన్ని పుట్టించమని కంట్రోల్ ప్యానెల్‌లో ఒక బటన్ నొక్కాలి. పాతదాని అడ్రసులు, నియమాలు అన్నీ క్లౌడ్ దగ్గర భద్రంగానే ఉంటాయి, కొత్తది పుట్టగానే దానికి అప్పగిస్తుంది. కాఫీ చల్లారేలోపు అయిపోయే పని.

నొక్కలేదు. ఊరికే నొక్కకుండా ఉండలేదు, కారణం ఉంది. మా ఆసుపత్రిలో ఏది చెడినా, దాన్ని చివర తాకినవాడిదే తప్పు. ప్యానెల్‌లో చివర ఎవరి పేరు కనిపిస్తే వాళ్ళకి వివరణ కోరుతూ మెమో వెళ్తుంది. చివర తాకేవాడు ఎప్పుడూ బాగుచేసేవాడే కాబట్టి ఇక్కడ చెడగొట్టినవాళ్ళకి ఏ భయమూ లేదు. మా పాత చీఫ్ ఇలాగే ఈమెయిల్ బాగుచేసి, ప్రస్తుతం దుప్పట్ల స్టోరు చూసుకుంటున్నారు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. శుక్రవారం దాన్ని నాకో, సర్వర్లు చూసే నిదానానికో ఇస్తారు.

నిదానానికి అమ్మా నాన్నా పెట్టిన పేరు వేరే ఉంది. ఏమడిగినా "నిదానంగా చూద్దాం సార్" అంటాడని ఆఫీసంతా కలిసి ఈ పేరు పెట్టింది. పొద్దున్న ఇద్దరమూ ఒకే తెర ముందు నిలబడ్డాం.

"నొక్కండి సార్, నెట్‌వర్కు మీది కదా" అన్నాడు.

"అబ్బే, అది కూర్చున్న సర్వరు మీది కదా. మీరే కానివ్వండి."

"పెద్దవారు మీరుండగా నేనా?"

"పెద్దాచిన్నా ఏముందండీ, పనిలో అందరూ ఒకటే."

మౌసుకి బారెడు దూరంలో నిలబడి ఇలా చాలాసేపు మర్యాదలు చేసుకున్నాం. పిల్లి మెడలో గంట కట్టడానికి ఎలుకలు కూడా ఇంత గౌరవంగా మాట్లాడుకుని ఉండవు. వాడు పిరికివాడు. నేను పద్ధతి ప్రకారం వెళ్ళే మనిషిని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ఇంట్లో చాలా క్లిష్టమైన సమస్య అని చెప్పాను.

మంగళవారం

సంఘం వేశారు. దాని పేరు రౌటర్ పునరుద్ధరణ పర్యవేక్షక సంఘం. పరిపాలనాధికారి అధ్యక్షుడు, కొనుగోళ్ళాయన సభ్యుడు, నేనూ నిదానమూ ప్రత్యేక ఆహ్వానితులం.

"ముందు ఆ రౌటర్‌ని చూపించండి" అన్నారు పరిపాలనాధికారి.

"చూపించడానికి ఉండదు సార్. అది వర్చువల్. సర్వరు లోపల ఉంటుంది" అన్నాను.

"లోపలంటే మూత తీస్తే కనిపిస్తుందిగా?"

"మూత తీసినా కనిపించదు సార్."

"కనిపించనిది పాడైందని మీకెలా తెలిసింది మరి?"

నేను నిదానం వంక చూశాను. నిదానం పైకప్పు వంక చూశాడు. ఈలోపు కొనుగోళ్ళాయన అందుకున్నారు. "దీన్ని ఎప్పుడు కొన్నామండీ? బిల్లు దొరకట్లేదు. వారంటీలో ఉందా, పోయిందా?"

"కొనలేదండీ. క్లౌడే పుట్టించింది."

"కొనకుండా ఆసుపత్రికి ఆస్తి ఎలా వస్తుంది? సరే, వచ్చిందే అనుకుందాం. నంబరు ఏది? నంబరు లేని ఆస్తిని తీసేయడానికి వీల్లేదు. దాని స్థానంలో ఇంకోటి తేవడానికి అసలే వీల్లేదు."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని యంత్రానికి నంబరు వేసి స్టిక్కరు అచ్చు వేయించారు. దేని మీద అంటించాలో తెలియక ఆయన దాన్ని వేలి మీద పెట్టుకుని కాసేపు తిరిగారు. చివరికి సర్వరు గది తలుపుకి అంటించారు.

నివేదికలో ఫోటో ఉండాలన్నారు. అందరం సర్వరు గదిలోకి వెళ్ళాం. పరిపాలనాధికారి పచ్చదీపం మినుకుమంటున్న ఒక పెట్టె పక్కన నిలబడి, పరామర్శకి వచ్చినవాడిలా ముఖం పెట్టి ఫోటో దిగారు. అది ఏసీ. చెప్పలేదు. చెబితే ఏసీని చివర తాకింది ఎవరని అడుగుతారు.

సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "ఇంకా రాలేదా మరిదీ?"

"సాంకేతికంగా చాలా క్లిష్టంగా ఉంది వదినా."

"అంటే ఎలా? గేరు పడట్లేదా, ఇంజనే పోయిందా?"

"రెండూ కాదు. చెప్పినా నీకు అర్థం కాదు."

"సరేలే, నువ్వేం కంగారు పడకు" అంది. నన్ను! మా ఆవిడకి చిన్నప్పుడే తల్లి పోతే జడ వేసింది వదినే, చదివించింది వదినే, నేను పెళ్ళిచూపుల్లో తడబడితే "అబ్బాయికి మాట రాకపోయినా మనసు మంచిదే" అని నా తరఫున ఓటు వేసిందీ వదినే. నాకు భయంగా ఉంది. ఆ మాట ఇక్కడ తప్ప ఎక్కడా అనలేను.

బుధవారం

ల్యాబు బయట వరండాలో నడవడానికి చోటు లేదు. జనం టోకెన్లు పట్టుకుని గోడలకి ఆనుకుని కూర్చున్నారు. నా మెడలో కార్డు చూసి ఒక పెద్దాయన "రౌటర్‌గారికి ఎలా ఉంది బాబూ?" అని అడిగారు. ఆసుపత్రి కదా, ఎవరో పేషెంటు అనుకున్నట్టున్నారు. ప్రాణాపాయం లేదని చెప్పాను.

ల్యాబు డాక్టరమ్మ నన్ను చూడగానే కళ్ళజోడు తీశారు. "నా పని ఎప్పుడో అయిపోయిందండీ. రిపోర్టులన్నీ రాసి పెట్టుకుని కూర్చున్నాను. సంతకం సిస్టంలో పెట్టాలి. అదేమో మీ రౌటర్ దాటి రావాలి."

"అర్జెంటువి ఉంటాయి కదా, వాటిని చేత్తో రాసి ఇవ్వలేరా?"

"ఇచ్చేదాన్నే. చేతిరాత రిపోర్టులు చెల్లవని ఉత్తర్వు వేయించింది మీరే కదండీ! స్టేజీ ఎక్కి శాలువా కూడా కప్పించుకున్నారు."

"పోనీ సర్జన్‌కి నోటిమాటగా చెబితే?"

"నోటిమాట మీద ఎవరూ కత్తి పట్టుకోరు." ఆవిడ నన్ను కాసేపు పరిశీలనగా చూశారు. "ఏం, మీవాళ్ళెవరివైనా ఉన్నాయా ఇందులో?"

"అబ్బే, లేదండీ" అన్నాను.

ఎందుకలా అన్నానో రాసుకోవాలి, తర్వాత నాకే అనుమానం రాకుండా. ఉందంటే రేపు నేను నొక్కినప్పుడు, సొంతవాళ్ళ కోసం నిబంధనలు కాలరాశాడంటారు. నొక్కకపోతే, సొంతవాళ్ళనే పట్టించుకోనివాడు ఆసుపత్రినేం పట్టించుకుంటాడంటారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. కాబట్టి అనలేదు. నిదానంతో కూడా అనలేదు, వాడితో అసలే అనకూడదు. పోటీలో ఉన్నవాడికి మన బలహీనత ఎందుకు అప్పగించడం?

సంఘంలో ఇవాళ మార్పు అనుమతి పత్రం నింపారు. "ఈ పని వల్ల సేవలకు ఎంతసేపు అంతరాయం?" అని ఒక గడి. ఇప్పటికే అంతరాయంలో ఉన్నాం కదా అన్నాను. అప్పుడు పరిపాలనాధికారికి పాత నియమం ఒకటి గుర్తొచ్చింది. సేవలు ఆగి ఉన్న సమయంలో ఎలాంటి మార్పులకూ దరఖాస్తు చేయకూడదు. ముందు సేవలు పునరుద్ధరించి, ఆ తర్వాతే పునరుద్ధరణకి అనుమతి అడగాలి. అందరూ ఔనౌనన్నారు. నిదానం "నిదానంగా చూద్దాం సార్" అన్నాడు. నేను తల ఊపాను, కానీ మనస్ఫూర్తిగా ఊపలేదు.

బుధవారం, ఇంటికొచ్చాక

మా ఆవిడ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

గురువారం, పొద్దున

నిర్ణయించుకున్నాను. ఈ రోజు నేనే నొక్కుతాను. కుర్చీ పోతే పోనీ, వదినకన్నా ఎక్కువా? టీ తాగి నొక్కుతాను.

గురువారం, సాయంత్రం

టీ తాగాను. సీటు దగ్గరికి వెళ్తుంటే సంఘం పిలిచింది. పిలిస్తే వెళ్ళకుండా ఎలా ఉంటాను?

పరిపాలనాధికారికి రాత్రి ఉపాయం తట్టిందట. నేనూ నిదానమూ కలిసి నొక్కాలి. ఒకే మౌసు, రెండు చేతులు, ఉమ్మడి బాధ్యత. బాగుందన్నాను, నిజంగానే బాగుంది. అయితే కింద ఎవరి చెయ్యి, పైన ఎవరి చెయ్యి అనే ప్రశ్న వచ్చింది. పైచెయ్యి వాడిది నిర్ణయమా, కిందచెయ్యి వాడిది నిర్ణయమా? న్యాయ సలహాదారుకి ఫోన్ కలిపారు. ఆయన లైన్లోకి వచ్చేలోపు భోజనాల వేళ అయింది. నిదానం ఇప్పుడే వస్తానని లేచి వెళ్ళాడు. నేను వెళ్ళలేదు, నేను లేనప్పుడు నా చెయ్యి కిందికి పోతుందేమోనని. ఫోన్ మోగుతుంటే మీటింగులో బాగుండదని కట్టేశాను. ఎవరు చేస్తున్నారో చూశాను. వదిన. చూసే కట్టేశాను.

ఇంతలో వరండాలో కలకలం. తలుపు తీసి చూస్తే జనం లేచి నిలబడి ఉన్నారు, ల్యాబు కిటికీ దగ్గర ప్రింటర్ ఆగకుండా కాగితాలు కక్కుతోంది. పరుగెత్తుకెళ్ళి ప్యానెల్ చూశాను. పాత రౌటర్ లేదు. కొత్తది పచ్చగా నడుస్తోంది. చివర తాకినవారు అన్న చోట నిదానం అసలు పేరు ఉంది.

నాకు ముందు సంతోషం కలిగింది. వదిన రిపోర్టు చేరిపోయింది, రేపు ఆపరేషన్ జరుగుతుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుర్చీ ఇక నాదేననే ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. తర్వాతే. కొంచెం తర్వాత.

శుక్రవారం

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ మంచిది కాదు, కానీ పాకలేదు. "నెల ఆగి ఉంటే ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు" అన్నారు సర్జన్. మా ఆవిడ గోడకి ఆనుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పొద్దున్న లోపలికి తీసుకెళ్ళే ముందు జరిగింది కూడా రాయాలి. వదినని మంచం మీద పడుకోబెట్టి తోసుకెళ్తుంటే చుట్టాలందరం వెంట నడుస్తున్నాం. వదిన తల ఎత్తి అందరికీ వినపడేలా, "నిన్న వీళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశానో లేదో, పావుగంటలో రిపోర్టు వచ్చి పడింది. మా మరిది ఉండగా నాకేం భయం?" అంది. మా ఆవిడ అందరి ముందూ నా చెయ్యి పట్టుకుంది.

"అది నేను కాదు, మా..." అన్నాను.

"చాల్లే వినయం!" అంది వదిన. తలుపులు మూసుకున్నాయి. అది వాదించే సమయం కాదు కదా. చెప్పడానికి నేను ప్రయత్నించాను, ఎవరైనా సాక్ష్యం చెబుతారు.

మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. చీఫ్‌ని అయ్యాను. "సంక్షోభ సమయంలోనూ నిగ్రహం కోల్పోక, దేన్నీ తాకకుండా సంయమనం పాటించినందుకు" అని రాశారు.

శనివారం

మా ఆవిడకి నిజం చెప్పాలి. రేపు చెబుతాను.

ఆదివారం

రేపు.

సోమవారం

కొత్త కుర్చీ కొంచెం కిర్రుమంటుంది. నూనె వేయించాలి.

బల్ల మీద మొదటి కాగితం నిదానానికి వెళ్ళిన మెమో. అనుమతి లేకుండా, నంబరు గల ఆస్తిని తొలగించి, నంబరు లేని ఆస్తిని సృష్టించినందుకు వివరణ. వివరణ ఇవ్వడానికి తనే వచ్చాడు. ఒక్క వాక్యం రాశాడు: "ఒకరికి రిపోర్టు అత్యవసరమని తెలిసి నొక్కాను." పొడుగ్గా రాయడం తెలియని మనిషి.

"మీ వదినగారట కదా సార్" అన్నాడు. "ఫోన్ నేనే ఎత్తాను. ఇప్పుడెలా ఉన్నారు?"

"బాగున్నారు."

"సోమవారమే నాతో ఒక మాట అనాల్సింది సార్. కుర్చీ మీద ఆశ నాకూ ఉంది, కాదనను. మీరు నొక్కుతారేమోనని చూస్తూ కూర్చున్నాను. మీకు ఇంత అవసరమని తెలిస్తే ఎందుకు కూర్చుంటాను?"

నేను మెమో కాగితాన్ని బల్ల అంచుకి సమంగా జరిపాను. వాడు వెళ్ళిపోయాడు.

కాగితం కింద చీఫ్ అభిప్రాయం అని ఒక గడి ఉంది. సంతృప్తికరం అని రాయబోయాను, దేవుడి తోడు, పెన్ను మూత కూడా తీశాను. కానీ అలా రాస్తే రేపు ఎవరైనా తీగ లాగితే డొంకంతా కదులుతుంది. కొత్త చీఫ్ వదిన కోసం నొక్కినవాణ్ణి కొత్త చీఫ్ వదిలేశాడంటారు. ఈ సీటులో నిష్పక్షపాతం ముఖ్యం. సంతృప్తికరంగా లేదు అని రాశాను. ఇంక్రిమెంటు ఆపాలని, ఏడాది పాటు కంట్రోల్ ప్యానెల్ తాకకూడదని కింద పరిపాలన విభాగం వాళ్ళే అచ్చు వేసి ఉంచారు. సంతకం మాత్రమే నాది.

బుధవారం

మా ఆవిడ ఈ రోజు కూడా నన్ను కూర్చోబెట్టి వడ్డించింది. ఇది ఆపాలి.

గురువారం

వదినని ఇంటికి పంపించారు. మా ఆవిడ మందులు తీసుకుని వెనక ఆటోలో వస్తానంది. కారులో నేనూ వదినా. కట్టు మీద బెల్టు ఒత్తుకోకుండా మధ్యలో చిన్న దిండు పెట్టాను. నా డ్రైవింగ్‌కి వంక పెట్టకుండా వదిన సందు మలుపు దాకా రావడం ఇదే మొదటిసారి.

"ఆ రోజు ఫోన్ ఎత్తినాయన గొంతు భలే మెత్తగా ఉంది" అంది హఠాత్తుగా. "ఎవరి రిపోర్టమ్మా అని అడిగాడు. నీ వదిననని చెప్పాను. తర్వాత, లైన్లోనే ఉండండమ్మా, దీన్ని తాకాలంటే నాకు భయంగా ఉంది, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి అన్నాడు."

నేను రోడ్డు వంకే చూస్తున్నాను.

"మా పిల్లలకి చెప్పినట్టే చెప్పాను. ఏం కాదు బాబూ, క్లచ్ మెల్లగా వదులు, బండి అదే కదులుతుంది అని. నొక్కిన చప్పుడు కూడా వినిపించింది. తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడకుండా అలాగే ఉన్నాం, వచ్చిందమ్మా అనేదాకా."

"వదినా..."

"అందరి ముందూ నీ పేరెందుకు చెప్పానో తెలుసా? ఏమో, లోపలికెళ్ళి తిరిగొస్తానో లేదో. మా చెల్లెలు బతకాల్సింది నీతో. దాని కళ్ళలో నువ్వు చిన్నబోకూడదు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

సిగ్నల్ దగ్గర బండి ఆపాను. వదిన నా వైపు తిరిగింది.

"ఎవరో ఏమిటో, దేవుడిలాంటి మనిషి. పైవాళ్ళకి చెప్పకుండా చేశాడు కదా, ఆఫీసులో ఆయన్నేమీ అనలేదు కదా మరిదీ?"

"లేదు వదినా. ఏమీ అనలేదు" అన్నాను.

"పోన్లే. నువ్వు చూసుకుని ఉంటావు" అంది.